పాత ఫ్రెంచి కారు, పూరించిన స్కంధాలు

ఉమ్మడి వరంగల్లు జిల్లా పల్లెల్లో ఫ్రెంచి ఇంజన్లు ఏళ్ళ తరబడి తిరిగాయి. ఎక్కినవాళ్ళలో చాలామందికి ఆ సంగతి తెలియదు. మానుకోట నుంచి గూడూరు వైపు, జనగామ నుంచి పాలకుర్తి వైపు, పరకాల నుంచి భూపాలపల్లి వైపు బస్సు దొరకని వేళల్లో జనం మహీంద్రా జీపులెక్కేవారు. లోపల పదిమంది, వెనక వేలాడుతూ నలుగురు, పైన కూరగాయల గంపలు. ఆ జీపుల్లో కొన్నిటి బోనెట్ కింద ఉన్నది ప్యూజో కంపెనీ తయారుచేసిన డీజిల్ ఇంజను నమూనా. డ్రైవర్లకి మాత్రం బాగా తెలుసు. ఇంజను ఏదని అడిగితే, 'ప్యూజో' అని కొంచెం గర్వంగానే చెప్పేవారు.

మహీంద్రా 1979లో ప్యూజోతో లైసెన్సు ఒప్పందం చేసుకుంది. ఆ ఇంజను పేరు ఎక్స్‌డీపీ 4.90. పేరులోనే లెక్కుంది: 4 సిలిండర్లు, ఒక్కోదాని వ్యాసం 90 మిల్లీమీటర్లు. లోపల పిస్టను 83 మిల్లీమీటర్లు పైకీ కిందికీ కదులుతుంది. గుణిస్తే 2,112 సీసీ. ప్యూజో 504 డీజిల్ సెడాన్‌లో ఉన్నదీ ఈ కుటుంబపు ఇంజనే. 504 అంటే 1968లో వచ్చి, 1969లో యూరప్‌లో ఆ ఏటి మేటి కారుగా ఎంపికైన బండి. ఫ్రాన్సులో ఈ సెడాన్ తయారీ 1983లో ఆగిపోయినా నైజీరియాలో, కెన్యాలో 2000 తర్వాత కూడా సాగింది. ఆఫ్రికా రోడ్ల మీద ఆ కారు సంపాదించుకున్న పేరు, మన దగ్గర జీపు ఇంజనుకి వచ్చిన పేరు ఒకటే: ఆగదు, ఆగినా ఎవరో ఒకరు బాగుచేస్తారు.

ఇదంతా ముందే చెప్పడానికి కారణముంది. ఈ వ్యాసం ఇంకో ఫ్రెంచి కారు గురించి, ప్యూజో 309 గురించి. ఆ ఇంజను ఇక్కడ నిలిచింది, ఈ కారు నిలవలేదు. ఆ తేడా ఎక్కడుందో తెలిస్తేనే, ఇవాళ ఒక పాత 309ని మళ్ళీ రోడ్డెక్కించాలనుకునేవాడు ఏది ఉంచాలో, ఏది మార్చాలో తేల్చుకోగలడు.

మూడేళ్ళ కాపురం

1991 ఆర్థిక సంస్కరణల తర్వాత, 1993లో కార్ల తయారీకి లైసెన్సు నిబంధన తీసేశారు. అప్పటిదాకా మన మధ్యతరగతికి తెలిసినవి అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మారుతి. పద్మిని తయారుచేసిన ప్రీమియర్ ఆటోమొబైల్స్, వాల్‌చంద్ హీరాచంద్ 1944లో పెట్టిన కంపెనీ. అది ప్యూజోతో చేతులు కలిపి 1994లో బొంబాయి పక్కన కళ్యాణ్ ఫ్యాక్టరీ నుంచి 309ని బయటికి తెచ్చింది. సంస్కరణల తర్వాత మన దగ్గరికొచ్చిన మొదటి విదేశీ కార్లలో ఇదొకటి. దేవూ సియెలో, ఒపెల్ ఆస్ట్రా, ఫోర్డ్ ఎస్కార్ట్ దీని వెనకాల వచ్చినవే.

పెట్రోలు బండికి 1,360 సీసీ ఇంజను, డీజిలు బండికి 1,527 సీసీ ఇంజను. ఆ రోజుల్లో డీజిలు కారంటే టాక్సీ స్టాండులో నల్లటి పొగ వదిలే అంబాసిడర్. అలాంటి కాలంలో ముందు చక్రాలు లాగే, అయిదు గేర్ల, కుదుపు తెలియని డీజిలు కారు రావడం కొత్త. అయినా 1997 నాటికి కథ ముగిసింది. కార్మికుల గొడవలు, భాగస్వాముల మధ్య తగాదా, అమ్మకాల లెక్కలు అన్నీ కలిసి ప్యూజో వెళ్ళిపోయింది. కొన్నవాళ్ళ దగ్గర బళ్ళు మిగిలాయి, షోరూములు మిగల్లేదు.

జీపు ఇంజనుకి ఈ గతి పట్టలేదు. దాన్ని మహీంద్రావాళ్ళు ఇక్కడే పోతపోశారు, ఇక్కడే కోశారు. పిస్టన్లు, లైనర్లు, నాజిళ్ళు వరంగల్లు స్పేర్‌పార్ట్సు దుకాణాల్లో దొరికాయి. ఇంజను బోరుకొస్తే లేతు మీద ఎంత కొయ్యాలో తెలిసిన మనుషులు తయారయ్యారు. 309 మొదట్లో కిట్ల రూపంలో వచ్చిన భాగాలతో కూర్చిన కారు. భాగాలు రావడం ఆగిపోయేసరికి చేతులు కూడా ఆగిపోయాయి. ఒక యంత్రం ఒక దేశంలో నిలుస్తుందా లేదా అన్నది దాని నాణ్యత ఒక్కటే తేల్చదు. దాన్ని విప్పి మళ్ళీ బిగించడం ఎంతమందికి వచ్చు అన్నది తేలుస్తుంది.

అయితే 309 పూర్తిగా పోలేదు కూడా. దాని డీజిలు ఇంజను టీయూడీ5 ఆ తర్వాత మారుతి జెన్ డీజిల్‌లోకీ ఎస్టీమ్ డీజిల్‌లోకీ వచ్చింది. కారు వెళ్ళిపోయాక దాని ఇంజను ఇంకొకరి బోనెట్ కింద బతికింది. జీపు కథే మళ్ళీ జరిగింది.

అసలు అంటే ఏది?

పాత కారుని 'ఒరిజినల్‌గా' ఉంచాలనే వాళ్ళున్నారు. 309 విషయంలో ఆ మాట మొదట్లోనే చిక్కులో పడుతుంది.

ప్యూజో 1978లో అమెరికా కంపెనీ క్రైస్లర్‌కి యూరప్‌లో ఉన్న వ్యాపారాన్ని కొనేసింది. ఆ కొన్న ఆస్తిలో ఇంగ్లండులోని విట్లీ డిజైన్ కేంద్రం ఒకటి. అక్కడివాళ్ళు టాల్బట్ పేరు మీద అరిజోనా అనే కారు గీశారు. తలుపులు ప్యూజో 205వి తీసుకున్నారు. విడుదలకి ముందు టాల్బట్ పేరు వద్దనుకున్నారు. అలా 1985లో ఆ కారు ప్యూజో 309గా వచ్చింది. మొదట్లో చిన్న బళ్ళకి పెట్టిన ఇంజన్లు సిమ్‌కా అనే ఇంకో పాత కంపెనీ వారసత్వం. ఆ మాటకొస్తే ఇది కచ్చితంగా సెడాన్ కూడా కాదు. డిక్కీ బయటికి పొడుచుకొచ్చినట్టు కనిపిస్తుంది కానీ, తెరిస్తే వెనక అద్దం కూడా దాంతోపాటే లేస్తుంది. మన దగ్గర డిక్కీ కనిపిస్తే చాలు, సెడాన్ కిందే లెక్క.

అంటే ఇంగ్లీషువాళ్ళు గీసిన బొమ్మకి, ఇంకో కారు తలుపులు బిగించి, ఫ్రెంచి పేరు పెట్టి, కళ్యాణ్‌లో కూర్చిన బండి ఇది. ఇందులో 'అసలు' ఎక్కడ మొదలవుతుంది? పుట్టుకలోనే ఇన్ని చేతులున్న వస్తువుకి ఇప్పుడు మానుకోట చేయి ఒకటి కలిస్తే అపచారమవుతుందా?

మామ, బావమరిది, మూడు నిలువు గీతలు

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. మా మేనమామకి మానుకోటలో 1996 నాటి డీజిల్ 309 ఉంది. కొన్నేళ్ళుగా రేకుల షెడ్డులో ఇటుకల మీద నిలబడి ఉంది. రిటైరయ్యాక ఆయనకి దాన్ని మళ్ళీ నడపాలనిపించింది. 'నువ్వు కంప్యూటర్ల పని జేస్తవు గద అల్లుడా, ఏది ముందు ఏది ఎనుక జెయ్యాల్నో ఓ కాయితం మీద రాసియ్యి' అన్నాడు. ఆయన కోరిక ఒకటే: కొన్నరోజు ఎట్లుందో అట్లనే ఉండాలి. మా బావమరిదికి ఇరవై నాలుగేళ్ళు. వాడి కోరికల జాబితా పెద్దది: బండి కిందికి దించాలి, అలాయ్ వీల్స్ వెయ్యాలి, ఎల్ఈడీ లైట్లు పెట్టాలి, వీలైతే కొత్తతరం ఇంజను కూడా. 'బావా, నాన్నకు జెప్పు, గట్లనే ఉంచుతే మ్యూజియంల వెట్టుకోవాలె' అంటాడు. ఇద్దరూ నన్ను తమవైపే అనుకున్నారు.

కాగితం మీద మూడు నిలువు గీతలు గీశాను. మొదటి గడిలో ప్రాణానికి సంబంధించినవి: బ్రేకులు, రబ్బరు పైపులు, టైర్లు, డీజిలు లైను, సీటు బెల్టులు. వీటిలో పాతదనానికి విలువ లేదు. ఇరవై ఏళ్ళ రబ్బరుని చరిత్ర పేరుతో ఉంచుకోకూడదు. రెండో గడిలో విప్పితే గానీ తెలియనివి. మూడో గడిలో కోరికలు.

రెండో గడిలో అన్నిటికంటే పెద్దది వెనక యాక్సిల్. 205కీ 309కీ ఒకే పద్ధతి. ఒక అడ్డ గొట్టం, దాని రెండు చివర్లా చక్రాలు మోసే చేతులు, గొట్టం లోపల సన్నటి నీడిల్ బేరింగులు. మామూలు కార్లలో ఉండే చుట్ట స్ప్రింగులు వెనక ఉండవు. మెలిపడే ఇనుప కడ్డీలే స్ప్రింగుల పని చేస్తాయి. సీళ్ళు పాతబడి నీళ్ళు దిగితే గ్రీజు పోతుంది, బేరింగు అరుగుతుంది, చివరికి అది తిరిగే షాఫ్టే అరుగుతుంది. అప్పుడు వెనక చక్రాల పైభాగం లోపలికి వాలుతుంది. కాబట్టి బండి వెనక నిలబడి చక్రాల వాలు చూడటం మొదటి పరీక్ష. పెయింటింగుకి డబ్బు లెక్కేసుకునే ముందు ఇది చూడాలి. యాక్సిల్ పోయిన బండికి రంగులు వేయించడం కూలే గోడకి సున్నం కొట్టడమే.

ఆ తర్వాత తుప్పు. తలుపుల అడుగు, డిక్కీ నేల, బ్యాటరీ కింది రేకు గీకి చూడాలి. టింకరింగు మేస్త్రీ పుట్టీతో కప్పేస్తే రెండు వానల్లో బయటపడుతుంది. కుళ్ళిన రేకు కోసేసి కొత్త రేకు వెల్డింగు చెయ్యాల్సిందే.

ఇంజను ఆ తర్వాతే. ఏళ్ళ తరబడి నిలబడ్డ డీజిలు ఇంజనుకి ఏకంగా సెల్ఫు కొట్టకూడదు. పాత డీజిలు తీసెయ్యాలి, ట్యాంకు కడగాలి, ఆయిలు మార్చాలి, ముందు చేత్తో తిప్పి చూడాలి. టైమింగు బెల్టు చూడ్డానికి బాగానే ఉన్నా మార్చాలి. అది నడుస్తూండగా తెగితే వాల్వులు పిస్టన్లకి తగిలి ఇంజనే పోతుంది. ఇక్కడ అదృష్టం ఏమిటంటే, ఇందులో కంప్యూటరు లేదు. పంపు, నాజిళ్ళు, హీటరు ప్లగ్గులు, అంతే. పంపు కాలిబ్రేషన్ తెలిసిన మనిషి ఉంటే చాలు. టీయూడీ5 జెన్‌లో, ఎస్టీమ్‌లో వచ్చింది కాబట్టి లోపలి సామాను వెతకడానికి ఇంకో దారి ఉంది. బయట బిగించే భాగాలు మాత్రం బండిని బట్టి మారతాయి, కొలతలు చూడకుండా కొనకూడదు.

మూడో గడికొస్తే, బావమరిది కోరికల్లో కొన్ని లెక్కల దగ్గరే ఆగిపోతాయి. వెనక చుట్ట స్ప్రింగులే లేనప్పుడు కోయడానికి ఏముంటుంది? దించాలంటే మెలి కడ్డీలు బయటికి లాగి, పళ్ళ వరస మార్చి మళ్ళీ దూర్చాలి. అదంతా చేసి మన స్పీడు బ్రేకర్ల మీద ఏం నడుపుతాం? అలాయ్ వీల్సుకి దారుంది. ప్యూజో చక్రానికి 4 బోల్టులు 108 మిల్లీమీటర్ల వలయంలో ఉంటాయి. మన దగ్గర ఫోర్డ్ ఐకాన్‌కీ అదే కొలత. కానీ నడిమి రంధ్రం ఫోర్డుకి 63.4, ప్యూజోకి 65.1 మిల్లీమీటర్లు. లేతు మీద 1.7 మిల్లీమీటర్లు తొలిస్తే గానీ కూర్చోదు. బోల్టుల పొడవు, చక్రం ఎంత బయటికి పొడుచుకొస్తుందన్నది వేరే లెక్క. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా విప్పి పాతవి బిగించుకోవచ్చు. ఈ ఒక్క గుణం వల్ల అలాయ్ వీల్సు నా జాబితాలో పాసయ్యాయి. వెనక్కి తీసుకోగల మార్పు, తీసుకోలేని మార్పు అనే తేడా సాఫ్ట్‌వేరు రాసేవాడికి రోజూ ఎదురయ్యేదే.

యాభై ఏళ్ళ లోటు

మామ, బావమరిది ఇద్దరి మధ్యలో మూడో మనిషి ఒకడున్నాడు: చట్టం.

1996లో రిజిస్టరైన సొంత కారుకి 15 ఏళ్ళు నిండేది 2011లో. ఆ తర్వాత ప్రతి అయిదేళ్ళకీ ఫిట్‌నెస్ చూపించి ఆర్సీ పొడిగించుకోవాలి. అంటే 2016, 2021, 2026. ఈ పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుంచి 5,000కి పెరిగింది. 20 ఏళ్ళు దాటిన బళ్ళకి 2025లో మళ్ళీ పెంచారు. హరిత పన్ను అదనం. బండి పాతబడే కొద్దీ 'ఇక చాలు, తుక్కుకి ఇచ్చెయ్యి' అని ప్రభుత్వం మర్యాదగా చెప్తూ ఉంటుంది.

మరోవైపు 2021 జూలైలో కేంద్రం వింటేజి వాహనాల నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్ళు దాటిన బండి వింటేజి. దానికి ప్రత్యేక నంబరు, గౌరవం. షరతు ఏమిటంటే చాసీ, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు లేకుండా మొదటి రూపంలో ఉండాలి. మామ కారు ఆ గీత దాటేది 2046లో. ప్రపంచ పాతకార్ల సమాఖ్య ఫీవా లెక్కలో 30 ఏళ్ళు నిండిన బండి చారిత్రక వాహనమే. మన చట్టంలో 15కీ 50కీ మధ్య 35 ఏళ్ళు ఏ గౌరవమూ లేదు. ఆ మధ్యకాలంలోనే బళ్ళు చస్తాయి. కొత్తదిగా పనికిరాదు, పాతదిగా లెక్కలోకి రాదు. ఆ ముప్పై అయిదేళ్ళూ బండిని కాపాడేది యజమాని ఇష్టం ఒక్కటే.

మార్పుల మీద కూడా గీత ఉంది. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, తయారీదారు చెప్పిన ప్రమాణాలకీ ఆర్సీ వివరాలకీ భిన్నంగా బండి స్వరూపం మార్చకూడదు. ఇంజను మార్చాలంటే ముందుగా అనుమతి కావాలి. రంగు మార్చినా ఆర్సీలో ఎక్కించాలి. కాబట్టి బావమరిది అడిగిన 'కొత్తతరం ఇంజను' మెకానిక్కుకి సాధ్యమైనా కాగితాల మీద కష్టం. పైగా ఇవాళ ఇంజనూ బాడీ కోసేస్తే 2046లో ఈ కారు వింటేజి కాలేదు. అప్పటికి మామ ఉండకపోవచ్చు. బావమరిదికి నలభై అయిదేళ్ళుంటాయి. బండిని అప్పుడు ఎవరు ఎలా చూడాలో ఇప్పుడు షెడ్డులో కట్టరు పట్టుకున్నవాడు నిర్ణయిస్తున్నాడు. ఈ మాట చెప్పాక వాడు ఇంజను సంగతి మళ్ళీ ఎత్తలేదు.

బమ్మెర దగ్గర దొరికిన జవాబు

'అలాగే ఉంచు' అన్న మామా, 'మార్చు' అన్న కొడుకూ ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. అది నాకు కార్ల పుస్తకంలో కాక మన సాహిత్య చరిత్రలో దొరికింది.

పోతన ఊరు బమ్మెర జనగామ జిల్లాలో, పాలకుర్తి దగ్గర ఉంది. ఆయన భాగవతాన్ని రాచకొండ సర్వజ్ఞ సింగభూపాలుడు పాతిపెట్టించాడని, తవ్వి తీసేసరికి కొన్ని భాగాలు చెదలు తినేశాయని కథ. కథలో నిజమెంతన్నది పక్కనపెడితే, కొన్ని స్కంధాలు పోతనవి కావన్నది మాత్రం స్పష్టం. పంచమ స్కంధం గంగన రాశాడు. షష్ఠం సింగన రాశాడు. ఏకాదశ, ద్వాదశాలు వెలిగందల నారయ రాశాడు. ఈ సంగతి పండితులెవరో పరిశోధించి పట్టుకున్న రహస్యం కాదు. స్కంధం చివరి గద్యంలో రాసినవాడి పేరు ఉంటుంది. చెదలు తిన్నచోట పూరించారు, పూరించింది మేమని చెప్పారు. అందుకే ఐదారు వందల ఏళ్ళ తర్వాత కూడా పోతన ఎక్కడ ఆగాడో మనకి తెలుసు. అయినా భాగవతం ఒక్కటే గ్రంథంగా నిలిచింది, దాన్ని పోతన భాగవతమనే అంటున్నాం.

పాత గ్రంథాన్ని సరిచేసి అచ్చువేయడాన్ని మనం పరిష్కరణ అంటాం. అందులో మంచి పరిష్కర్త చేసే పని తప్పులు దిద్దడం ఒక్కటే కాదు, ఎక్కడ దిద్దాడో చెప్పడం. చెప్పకుండా దిద్దితే తర్వాతివాడికి అసలు పాఠం ఎప్పటికీ దొరకదు. ఫీవా 2012లో ఆమోదించిన టురిన్ చార్టర్ పాత వాహనాల గురించి చెప్పే మాటల్లో ముఖ్యమైనది ఇదే: చేసిన ప్రతి పనినీ రాసిపెట్టాలి. టురిన్ దాకా వెళ్ళకుండానే బమ్మెరలో ఆ సంప్రదాయం ఉంది.

ఈ లెక్కన 309 పుట్టుకలో ఎన్ని చేతులున్నా ఇబ్బంది లేదు. ఏ చేయి ఎక్కడ పడిందో తెలిస్తే చాలు. విట్లీలో గీసినవాళ్ళూ, 205 తలుపులూ, కళ్యాణ్ కూర్పూ చరిత్రలో నమోదై ఉన్నాయి. మానుకోట పని కూడా నమోదు కావాలి, అంతే.

పుస్తకంలో ఏం రాయాలి

అందుకే నా ప్రణాళికలో మొదటి ఖర్చు గట్టి అట్ట ఉన్న పెద్ద నోటుపుస్తకం, ఓ మార్కరు పెన్ను. విప్పకముందు ప్రతి భాగానికీ ఫోటో. మార్చిన ప్రతి భాగానికీ తేదీ, ఎక్కడ కొన్నాం, ఎవరు బిగించారు, ఎందుకు మార్చాం. తీసేసిన పాత భాగాలు తుక్కువాడికి ఇవ్వకుండా చీటీలు కట్టి పెట్టెలో. కొత్త రేకు అతికిన చోట కార్పెట్ కింద మేస్త్రీ పేరు, సంవత్సరం.

ఉస్తాద్ మొదట నవ్వాడు. 'నా పేరెందుకు సార్, బండి నడుస్తే సాలదా?' అన్నాడు. ముప్పై ఏళ్ళ కింద ఇదే జిల్లాలో ప్యూజో ఇంజన్లు విప్పి బిగించిన మనుషులు ఎంతోమంది. ఒక్కరి పేరూ ఎక్కడా లేదు. కంపెనీల చరిత్రలో 1979 ఒప్పందం ఉంటుంది, 1997 నిష్క్రమణ ఉంటుంది. మధ్యలో ఆ ఇంజన్లని బతికించిన చేతులు ఉండవు. ప్యూజో మాతృసంస్థ 2017లో మళ్ళీ మన దేశం వైపు చూసినప్పుడు మొదట చేసిన పనుల్లో ఒకటి అంబాసిడర్ అన్న పేరుని 80 కోట్లకి కొనడం. పేరుకి అంత విలువని వాళ్ళకి తెలుసు. షెడ్డులో పనిచేసే మనిషి పేరుకి మనమైనా ఒక గీత జాగా ఇవ్వాలి.

కుదిరిన ఒప్పందం ఇది: బాడీ, ఇంజను, చాసీ ఉన్నవి ఉన్నట్టు. ప్రాణానికి సంబంధించినవన్నీ కొత్తవి. వెనక సీటుకి మూడు చోట్ల బిగించే బెల్టులు కావాలన్నది నా పట్టు, మనవరాళ్ళు ఎక్కుతారు కనక మామ ఒప్పుకున్నాడు. అలాయ్ వీల్సు బావమరిదివి, పాత ఇనుప చక్రాలు అటక మీద. పనంతా 2026 ఫిట్‌నెస్ గడువులోగా తేలాలి.

పుస్తకం మొదటి పేజీలో మామ బండి నంబరు, చాసీ నంబరు, ఇంజను నంబరు రాశాడు. కింద మూడు వరసలు ఖాళీగా వదిలాడు. ఎందుకని అడిగితే, 'తర్వాత నడిపేటోళ్ళు రాసుకుంటరు' అన్నాడు.